కణత నొప్పి

బట్టలు కుట్టే ఆవిడకు ఎడమ కణతలో నొప్పి మొదలై పదకొండేళ్లయింది. వచ్చిందంటే మిషను ఆపి, కిటికీకి దుప్పటి కట్టి, తలకు తడిగుడ్డ బిగించుకుని గోడకు చేరగిలబడుతుంది. వాంతయ్యాక నోరు కడుక్కుని మళ్లీ సూదిలో దారం ఎక్కిస్తుంది. ఒక డాక్టరు కళ్లజోడు మార్చమన్నాడు, ఇంకొకాయన ఆలోచనలు తగ్గించుకోమన్నాడు. అత్తగారైతే పని ఎగ్గొట్టే వేషాలంది.

ఐదో డాక్టరు ఆమె వైపైనా చూడకుండా, "ఆవిడకి కోపమెక్కువా?" అని భర్తనడిగాడు. "కొంచెం ఎక్కువేనండీ," అని భర్త నవ్వాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. "నొప్పి నా తలలో ఉంది డాక్టరు గారూ, ఆయన నోట్లో కాదు. నన్నడగండి!" డాక్టరు గతుక్కుమని కుర్చీ ఇటు తిప్పాడు. ఆమె భర్తకు తలుపు చూపించి, "మీరు బయట కూర్చోండి," అని, మొదటి రోజు నుంచి చెప్పుకొచ్చింది. అది మైగ్రేన్ అని తేలడానికి అరగంట చాలింది.