దేవుని కుండలో కోళ్ల బియ్యం

నా చిన్నప్పుడు మా ఊళ్లో ప్రభువును నమ్ముకున్న ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. వడమాలపేటకు దగ్గరి పల్లె మాది. అన్నానికి బియ్యం తీసే ముందు ఒక పిడికెడు ఆ కుండలో వేయాలి. అది దేవుని వంతు. ఆదివారం ఆ బియ్యాన్ని గుడ్డసంచిలో పోసుకుని చర్చికి తీసుకుపోయేవాళ్లం. పాస్టరు అయ్యగారి ఇంటిల్లిపాదీ తినేది ఆ పిడికెళ్లే.

మా నాయన సంఘ పెద్ద. ఆయన ప్రార్థన మొదలుపెడితే ఆకుల్లో అన్నం చల్లారిపోయేది. కళ్లు మూసుకుని ఊళ్లోవాళ్లందరి పాపాలూ ఒప్పుకునేవాడు, తనవి తప్ప. ఇలా రాస్తే మా తమ్ముళ్లకు కోపం వస్తుంది. రానీ. నాకు అక్షరాలు వచ్చిందే యాభై దాటాక, రాత్రి బడిలో. అంత కష్టపడి నేర్చుకున్నది అబద్ధాలు రాయడానికి కాదు.

ఒక ఏడు వానలు సరిగా పడలేదు. అయినా మా ఇంట్లో తిండికి లోటు రాలేదు. కళ్లంలో అడుగున మిగిలిన వడ్లను ఊడ్చి, దంచి, కోళ్లకని విడిగా పెట్టేవాళ్లం. అందులో సగం నూకలు, సగం మట్టిబెడ్డలు, రాళ్లు. ఆ ఏడు నాయన దేవుని కుండలోకి ఆ బియ్యం వేయమని అమ్మతో చెప్పాడు. అమ్మ ఎదురు చెప్పే మనిషి కాదు. పూటపూటా ఆమె చెయ్యి మంచి బియ్యం బాన దాటి కోళ్ల బియ్యంలోకి పోయేది.

ఒక శనివారం మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, ఆ కుండ వంచి చూసింది. మరుసటి రోజు అయ్యగారికి భోజనం పెట్టే వంతు మాది. అవ్వ అమ్మను పక్కకు తప్పుకోమని తనే వంటకు కూర్చుంది. కోడికూర కమ్మగా చేసింది. అన్నం మాత్రం దేవుని కుండలోని బియ్యంతోనే, ఒక్క రాయి ఏరకుండా వండింది.

నాయన, అయ్యగారు, నా ఈడుదైన అయ్యగారి కూతురు, నేను వరసగా కూర్చున్నాం. నాయన పెద్ద ప్రార్థన చేసి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రాయి కరక్కుమంది.

"యాడివే ఈ బియ్యం?" అని అమ్మ మీద అరిచాడు.

గడప దగ్గరున్న అవ్వ అందుకుంది. "దాని మీద అరస్తావెందుకురా? దేవుని కుండలోవే. నువ్వు ఆయనకు పెట్టిందే నీకూ పెట్టినా. ఆయన తినంగా లేంది నీకేం తెగులు?"

"అయ్యగారి ముందర పరువు తీస్తా ఉండావు గదమ్మా!"

"కోళ్ల కూడు దేవునికి పెట్టినప్పుడు యాడ పోయిందప్పా ఆ పరువు?"

ఈ గొడవ వింటూ నేనూ ఒక రాయి కొరికాను. పన్ను జివ్వుమని కళ్లలో నీళ్లు తిరిగాయి. అయ్యగారి కూతురు నా చెవి దగ్గరికి వంగింది. "కొరకబాక మే. నాలికతో పక్కకు తోసెయ్. నాలుగు రోజులు తింటే అలవాటైపోతాది," అని చెప్పింది.

అప్పుడు చూశాను. ఆ పిల్ల ఆకు అంచున రాళ్లు పెట్టి ఉన్నాయి. అయ్యగారి ఆకు అంచునా ఉన్నాయి. ఆయన తలెత్తకుండా తింటున్నారు. తండ్రీ కూతుళ్లలో ఒక్కరి పంటి కిందా చప్పుడు లేదు. నాయన కూడా అది చూశాడు. ఎంగిలి చేత్తోనే లేచి బయటికి పోయాడు.

మరుసటి రోజు నుంచి అవ్వ పొయ్యి దగ్గర కాపలా కూర్చుంది కాబట్టి కుండలోకి మంచి బియ్యం పడ్డాయి. నాయన మాత్రం మారలేదు. దేవుడు ఆయన మీద పిడుగేమీ వేయలేదు, పై ఏడు పంట కూడా బాగానే పండింది. కానీ ఆయన అయ్యగారి ముఖం చూడలేకపోయాడు. మొదట వెనక వరసకు జరిగాడు, తర్వాత ఏదో సాకుతో తగువు పెట్టుకున్నాడు, చివరికి చర్చికి రావడమే మానేశాడు. ఆ పిడికెళ్లే ఆయనను దేవునికి దూరం చేశాయి, రోజుకు కొంచెం, రోజుకు కొంచెం. శిక్ష అంటే అదేనని నాకు చాలా కాలానికి తెలిసింది.

మొన్న మా సంఘంలో మైకు పట్టుకుని ఏడ్చి ప్రార్థించిన ఒక పెద్దమనిషి ఇంట్లో, పాచి పని చేసే ఆమెకు పులిసిపోయిన సాంబారు గిన్నెలో పోసి ఇస్తుంటే చూశాను. అందరి ముందూ అడిగేశాను. ముసల్దానికి నోరెక్కువ అన్నారు. ఎక్కువే.

ఆ రోజు అయ్యగారి కూతురి గొంతులో మా మీద రవ్వంత కోపం కూడా లేదు. రాళ్లు తినడం నాకు నేర్పించింది, అంతే. ఆ కోపం ఆమె పడాల్సింది. ఆమె పడలేదు కాబట్టి ఇన్నేళ్లుగా నేను పడుతున్నాను.