ఖాళీ చెంబుతో వచ్చే అవ్వ

పొద్దున వాకిట్లో కూర్చుని పరీక్షకు చదువుకుంటున్నాను. ప్రహరీ అవతలి నుంచి పక్కింటి ఆంటీ పిలిచింది.

"అమ్మాయ్, నీకు తెలిసిందా? కమిటీ అవ్వగారు పోయారంట. తెల్లారేసరికి లేవలేదంట. పాలబ్బాయి ఇప్పుడే చెప్పాడు."

ఆంటీ వాళ్లది కోస్తా వైపు. 'అవ్వ'కు 'గారు' తగిలించినప్పుడల్లా మా ఇంట్లో అందరం నవ్వేవాళ్లం. ఆ రోజు నవ్వు రాలేదు. ఆంటీ తాగుతున్న మంచినీళ్ల గ్లాసును గోడ మీద పెట్టి, దాన్నే చూస్తూ నిలబడింది. నేను పుస్తకం మూసేశాను. లోపల మా బాపు పిండి గిర్ని మోటారు బందు చేశాడు. కరెంటు పోతే తప్ప పగటి పూట మా గిర్ని ఆగదు. ఆ నిశ్శబ్దానికి వీధిలో వెళ్తున్నవాళ్లు కూడా తల తిప్పి చూశారు.

చేవెళ్లలో ఇంటికో దుకాణానికో అనుమతి అడిగినవాళ్లకు ఆమెను పరిచయం చేయనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. మా పట్టణంలో ఏ జాగలో ఏం కట్టుకోవచ్చో, ఏ వీధి ఇళ్లకో ఏ వీధి వ్యాపారానికో చూడటానికి ఒక కమిటీ ఉంది. ఐదుగురు సభ్యులు. నలుగురు బాగా చదువుకున్నవాళ్లు. ఐదో మనిషి అవ్వ. ముడిమ్యాలలో కూరగాయల తోటలకు నీళ్లు కడుతూ బతికిన మనిషి. పార భుజాన వేసుకుని మడి నుంచి మడికి నీళ్లు మళ్లించడమే ఆమె చేసిన ఉద్యోగం. మహిళా సంఘం తరఫున ఆమెను కమిటీలోకి తీసుకున్నారు. పేరుకు ఒక ఆడమనిషి ఉండాలి కదా అని తీసుకున్నారట. ఆ సంగతి ఆమే చెప్పి నవ్వేది.

"కుర్సీ ఖాళీగుంటే బాగుండదని నన్ను కూసోబెట్టిన్రు బిడ్డా. నాకేమో కూసునుడే రాదాయె."

నిజంగానే ఆమె కూర్చునేది కాదు. అర్జీలు చదివే రోజున బల్ల చివర నిలబడి, కళ్లు మూసుకుని, మొదటి నుంచి చివరి దాకా వినేది. ఆమెకు చదువు రాదు. మిగతావాళ్లు ఫైళ్లు తిరగేస్తూ మధ్యలో ఫోన్లు చూసుకుంటారు. అంతా అయ్యాక ఆమె కళ్లు తెరిచి ఒకటే మాట అనేది. "కాయిదం చెప్పింది ఇన్న. ఇగ జాగ ఏం చెప్తదో ఇంట."

తర్వాత ఆటో ఎక్కి ఆ జాగకు పోయేది. చేతిలో గుడ్డసంచి, సంచిలో ఖాళీ స్టీలు చెంబు. అక్కడికి వెళ్లాక పక్కింటి తలుపు కొట్టి చెంబెడు నీళ్లు అడిగేది. అర్జీ పెట్టినవాళ్లు బిందెలతో ఇచ్చినా పుచ్చుకునేది కాదు. ఆ నీళ్లు తెచ్చి జాగ మధ్యలో పోసి, అవి ఎటు పోతాయో చూసేది. ఎవరి ఇంటి వైపు పోతే ఆ ఇంటివాళ్లను పిలిచి మాట్లాడించేది. పద్ధతి అంతే. పుస్తకంలో లేదు, ఏ చట్టంలోనూ లేదు. అయినా ఆమె చెంబు పోసి రాకుండా మిగతా నలుగురూ సంతకాలు పెట్టడం మానేశారు.

నీళ్లు పక్కింటి నుంచే ఎందుకు అని నేను తర్వాతెప్పుడో అడిగాను. ఆమె చెంబును చీర కొంగుతో తుడుస్తూ చెప్పింది.

"మొదట్ల నేను గూడ అర్జీ పెట్టినోల్ల నీళ్లే పోసిన బిడ్డా. మొయినాబాద్ దిక్కు ఒక షెడ్డు. ఆయన నీళ్లిచ్చిండు. ఈడ పొయ్యవ్వా అని ఆయనే చూపెట్టిండు. పోసిన. మంచిగనే పోయినయి. సరే అన్న. వానకాలం రాంగనే ఎనుక ఉన్న ముసలమ్మ ఇంట్లకు మోకాలు లోతు నీళ్లొచ్చినయి. నీళ్లది తప్పు కాదు. ఎవల చేతి నీళ్లు, ఏడ నిలవడి పోసిన అన్నది తప్పు."

ఆ తర్వాత ప్రతి ఏడాదీ మొదటి వానకు ఆమె మొయినాబాద్ వెళ్లి ఆ ముసలమ్మ గడపలో కాసేపు కూర్చుని వచ్చేదట. ఎక్కడా కూర్చోవడం రాని మనిషి అక్కడ మాత్రం కూర్చునేది.

ఇక మా సంగతి. మా ఇల్లు గడిచేది పిండి, కారం పట్టే గిర్ని మీద. పెద్ద రోడ్డు పక్కన కిరాయి షట్టర్లో ఉండేది. రోడ్డు వెడల్పు చేస్తున్నారని, వానలు మొదలయ్యేలోపు ఖాళీ చేయమని షట్టర్ యజమాని చెప్పేశాడు. వేరే షట్టర్ల కిరాయి మాకు అందేది కాదు. మా ఇంటి పక్కనే తాత నాటి జాగ కొంచెం ఉంది. అక్కడికే గిర్ని మార్చుకుందాం అనుకున్నాం. కానీ మా వీధి ఇళ్లకని రాసి ఉంది. గిర్ని పెట్టాలంటే కమిటీ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మోటారు అమ్ముకుని బాపు కూలికి పోవాలి, నా చదువు ఇంటరుతో ఆగిపోవాలి. దీన్ని మాలో ఎవరూ పైకి అనలేదు. అందరికీ తెలుసు.

అర్జీ రాసే పని నాకిచ్చారు. అప్పుడు నేను ఇంటర్ రెండో ఏడు. సరిగ్గా ఆ నెలలోనే నాకు మాటల పిచ్చి పట్టింది. ఎక్కడ మంచి మాట కనపడినా నోట్సు చివర రాసుకునేదాన్ని. ఇంట్లో పాత దస్తావేజులో 'సదరు' అనే మాట దొరికింది. దాన్ని ఎక్కడైనా వాడాలని నా ప్రాణం కొట్టుకుంది. మూడు సార్లు చింపి నాలుగోసారి ఇలా రాశాను: "సదరు స్థలము ఎందుకూ పనికిరాని ఎండు నేల. చుట్టుపక్కల వారికి ఎట్టి అసౌకర్యమూ కలుగబోదు." పైకి చదివి నాకు నేనే మురిసిపోయాను. పటం కూడా నేనే గీశాను. జాగలో ఒక మూలగా పోయే పిల్ల కాలువను గీయబోతే బాపు ఆపాడు.

"అది ఎండిపోయి ఎన్నేండ్లాయె. దాన్ని గీసి లేని పంచాది ఎందుకు తెచ్చుకునుడు?"

సరేనని గీయలేదు. ఆ కాలువ మీదే మేం కిందటేడు వానలకు ముందు, జాగ ఎత్తు చేద్దామని, మొరం మట్టి తెచ్చి కుప్ప పోసుకున్నాం.

మేం అర్జీ ఇవ్వగానే పక్కింటి ఆంటీ వద్దని రాసిచ్చింది. ఆమె ఇంట్లోనే కంప్యూటర్ ముందు ఉద్యోగం చేస్తుంది. వాళ్ల బాబుకు ఆయాసం. మోటారు చప్పుడు, కారం ఘాటు పడవని రాసింది. ప్రహరీకి ఇటు మేం, అటు వాళ్లు. నెల రోజులు పలకరింపుల్లేవు.

అవ్వ వచ్చిన రోజు ఎండ నిప్పులు కురుస్తోంది. అమ్మ బిందె పట్టుకుని ఉరికింది. "అవ్వా, చెంబు ఇటియ్యి, చల్లటి నీళ్లు."

"మీ నీళ్లొద్దు బిడ్డా. మీ నీళ్లు మీ దిక్కే మాట్లాడ్తయి."

నేరుగా ఆంటీ వాళ్ల గేటు కొట్టింది. ఆంటీ తలుపు సగమే తీసింది.

"చూడండి, నేను ఒప్పుకోనని ముందే రాసిచ్చాను. మళ్లీ మళ్లీ అడగొద్దు, ప్లీజ్."

"ఒప్పుకొమ్మంటలేను బిడ్డా. చెంబెడు నీళ్లడుగుతున్న."

ఆంటీ లోపలికి వెళ్లి చెంబు నింపి తెచ్చింది. అవ్వ ఒక గుక్క తాగి చూసింది.

"గివేం నీళ్లు, ఇంత తియ్యగున్నయి?"

"ఫిల్టర్ నీళ్లండీ."

"అయ్యో, నేలకు ఫిల్టర్ నీళ్లా! ఎన్నడన్న తాగిందా? ఇయ్యాల మస్తు మురుస్తది. దా బిడ్డా, నువ్వు గూడ సూడు."

ఆంటీ నవ్వేసింది. నవ్వాక లోపలికి పోలేకపోయింది. చెప్పులేసుకుని మా జాగలోకి వచ్చింది, మొదటిసారి.

అవ్వ నేల మీద వంగి, చెంబును మెల్లగా వంచింది. నీళ్లు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత సన్నగా, మా కంటికి కనపడని పల్లం వెంట పాక్కుంటూ, తంగేడు చెట్ల మొదళ్ల పక్కగా పోయాయి. ఎండిపోయిందని మేం పటంలోంచి తీసేసిన కాలువను నీళ్లు వెతుక్కుని పోతున్నాయి. మొరం కుప్ప దగ్గర ఆగి, పక్కకు తిరిగి, ఆంటీ వాళ్ల ప్రహరీ అడుగుకు చేరాయి.

"ఓహో!" అంది ఆంటీ. "పోయిన వానలకి మా పార్కింగ్‌లోకి నీళ్లొచ్చింది ఇందుకా!"

అవ్వ నడుం పట్టుకుని లేచింది.

"పటం గీసిందెవలు?"

"నేనే అవ్వా."

"అర్జీ?"

"అదీ నేనే."

"సదువు, ఇంట."

ఆ ఎండలో, ఆ నేల మీద నిలబడి చదివాను. కాగితం మీద అంత అందంగా ఉన్న వాక్యం అక్కడ నా నోట్లో మట్టిలా తగిలింది. 'ఎందుకూ పనికిరాని ఎండు నేల' దగ్గర ఆమె చెయ్యెత్తింది. తంగేడు చెట్లకు పూలు లేవు. ఎండిన కాయలు గాలికి గలగలమంటున్నాయి.

"పోయినేడు బతుకమ్మకు తంగేడు ఏడ తెంపినవ్ బిడ్డా?"

"ఈడనే."

"మీ అమ్మ?"

"అమ్మ గూడ ఈడనే."

"మరి పనికిరాని నేల అంటివి."

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఏడుపొచ్చింది. అవ్వ నా చేతిలోని కాగితం తిప్పి, ఖాళీగా ఉన్న వెనక వైపు చూపించింది.

"మాట గూడ నీళ్ల లెక్కనే బిడ్డా. పల్లం దిక్కు ఇడిస్తే దానంతట అదే పోతది. నువ్వు గుట్ట ఎక్కియ్యబడితివి. ఉన్నది ఉన్నట్టు రాయి."

బాపు ముందుకొచ్చాడు. "ఉన్నది ఉన్నట్టు రాస్తే ఇస్తరా అవ్వా?"

"ఇస్తరో ఇయ్యరో నాకెర్కలేదు. అబద్ధం మీద ఇచ్చిందైతే మొదటి వానకు కూలుతది. అది ఎర్క."

మొరం కుప్ప మీదే కూర్చుని, మోకాళ్లు బల్లగా చేసుకుని రాశాను. ఈ జాగలో పిల్ల కాలువ ఉంది. దాన్ని మేం పూడ్చాం. తంగేడు ఉంది. గిర్ని పెడితే పక్కింటికి చప్పుడు వస్తుంది, కారం ఘాటు వస్తుంది. మాకు వేరే బతుకుదెరువు లేదు. 'సదరు' ఎక్కడా పట్టలేదు.

కమిటీలో దాన్ని చదివినప్పుడు అధ్యక్షుడు కళ్లద్దాలు తీసి బాపును చూశాడట. "ఏందయ్యా, మీ మీద మీరే ఫిర్యాదు రాసుకున్నరా?" అందరూ నవ్వారు. బాపు తల దించుకున్నాడు. అప్పుడు ఆంటీ లేచిందట. అవ్వ ఆమెను కూడా పిలిపించింది మరి.

"కాలువ తెరిచి వదిలేస్తే నాకు నీళ్ల బాధ పోతుంది. నాకు మీటింగులు పన్నెండు తర్వాతే. కారం ఆ లోపే పట్టుకోమనండి. బాబు బడిలో ఉంటాడప్పుడు. మా వైపు కిటికీ మాత్రం పెట్టొద్దు."

ఆ మాటలే షరతులుగా రాసి పైకి పంపారు. గిర్నికి తలుపు రోడ్డు వైపు. కాలువకు రెండు వైపులా మనిషి నడిచేంత జాగ. తంగేడు కొట్టకూడదు. ఆ చివరిది కమిటీ కాగితంలో ఎలా ఎక్కిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. దాని కింద అవ్వ వేలిముద్ర ఉంది. అనుమతి వచ్చాక ఆ కాగితాన్ని నేను ఎన్నిసార్లు చదువుకున్నానో. అంత మంచి తెలుగు నేనింకా రాయలేదు.

ఆమె అందరికీ సరే అనలేదు. పెద్ద కారులో వచ్చిన ఒకాయన ఫంక్షన్ హాలు కడతానన్నాడు. ఆయన జాగలో పోసిన నీళ్లు ఆయన కారు టైర్ల కిందుగా పోయి పక్కనున్న ఉల్లి మడిలో దిగాయి. అవ్వ తల అడ్డంగా ఊపింది. "చెంబెడు నీళ్లతోని నా పని ఆపుతవా అవ్వా?" అన్నాడాయన. "చెంబెడైతే నేను చెప్తున్న బిడ్డా. చెరువెడు వస్తే చెప్పెటందుకు ఎవలుంటరు?" అంది. ఆయన విసురుగా కారెక్కి వెళ్లిపోయాడు.

అవ్వ పోయిన రోజు మేం ముడిమ్యాల వెళ్లినప్పుడు ఆయన కూడా ఉన్నాడు. చెప్పులు విడిచి, చివరి వరసలో, ఎండలో.

ఆఖరి స్నానానికి నీళ్లు కాచడానికి పొయ్యి వెలిగించారు. అవ్వ కోడలు ఖాళీ బిందె పట్టుకుని పక్కింట్లోకి వెళ్తోంది. ఇంట్లో బోరు ఉండగా ఇదేంటని ఎవరో అడిగారు. కోడలు కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

"ముందే చెప్పి పెట్టింది. నా తానానికి మనింటి నీళ్లు వొద్దు, పక్కింటోల్లవి తే అని. ఏం మొండి మనిషో!"

అవ్వ చేసిన పనికి ఏం పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. నేను నేర్చుకున్న పెద్ద మాటలేవీ ఆమె చెంబులో పట్టవు.

సాయంత్రం ఇంటికొచ్చాం. గిర్ని మూసే ఉంది. ఆంటీ పొద్దున పెట్టిన గ్లాసు ప్రహరీ మీద అలాగే ఉంది, సగం నీళ్లతో. ఆంటీ దాన్ని తీసుకుని గోడ మీదుగా వంగి, మా వైపు కాలువలోకి మెల్లగా వంచింది. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. కాలువ అడుగున పేరుకున్న పిండి పొడి కలిసి నీళ్లు తెల్లబడ్డాయి. తంగేడు మొదట్లో ఒక్క క్షణం ఆగాయి. తర్వాత దారి గుర్తొచ్చినట్టు ముందుకు కదిలాయి.