ఖాళీ గోలు, నిండు కడుపు

ఇప్పుడంటే ఉప్మాలో జీడిపప్పు పలుకులు ఎన్ని పడ్డాయో కళ్ళజోడు పెట్టుకుని చూసి మరీ తింటున్నాను గానీ, ఇరవై ఏళ్ళ వయసులో నాకు ఆకలి వేస్తే, నదంతా తాగేస్తానని భయపడి బ్యారేజీ గేట్లు వాటంతట అవే కిందికి దిగిపోయేవని మా మెస్సు ఓనరు నలుగురికీ చెప్పుకొని ఏడ్చేవాడు. అప్పట్లో నేను బెజవాడ వన్ టౌన్‌లో ఒక లారీ ఆఫీసులో గుమాస్తాని. భవానీపురంలో ఒక సాయిబుల వీధిలో గది. గది అంటే మంచం పడితే నేను పట్టను, నేను పడితే మంచం పట్టదు, అంత. ఎమర్జెన్సీ రోజులవి. నలుగురు ఒకచోట నిలబడితే కానిస్టేబుల్ వచ్చి ఎందుకు నిలబడ్డారని అడిగేవాడు. మా వీధి పక్కన మసీదును ఆనుకుని ఉన్న ఖాళీ జాగాలో ఇరవై ఇద్దరం ఒక్క బంతి వెనకాల పరుగెత్తుతుంటే మాత్రం ఏ సెక్షన్ కింద పెట్టాలో పాపం ఆయనకి అంతుపట్టలేదు. వారం రోజులు తలగోక్కుని, చివరికి తనే లైను పక్కన నిలబడి లాఠీ ఊపుతూ "ఔట్! ఔట్!" అని అరవడం మొదలుపెట్టాడు.

ఆ బంతి కువైట్ మామూది. ఈయన మా వీధిలో దర్జీ. మూడేళ్ళు కువైట్‌లో అరబ్బుల అంగీలు కుట్టి, ఒక టేప్‌రికార్డరూ, ఒక తోలు బంతీ, ఒక విజిలూ, ఇంకెక్కడా దొరకని అధికారమూ పట్టుకుని తిరిగొచ్చాడు. ఫుట్‌బాల్ గురించి గానీ, రాజకీయం గురించి గానీ, మతం గురించి గానీ మా వీధిలో ఏ వాదన లేచినా "అక్కడ అరబ్బుల్లో అయితే..." అని ఆయన గొంతు సవరించుకునేవాడు. అంతే, వాదన ముగిసిపోయేది. అక్కడ అజాన్ వినబడితే గాల్లో ఉన్న బంతి గాల్లోనే ఆగిపోతుందట! (కిందికి ఎప్పుడు దిగుతుందని నేను అడిగాను. నమాజు అయ్యాక, అన్నాడు.) ఆ ఏడాది రంజాన్ వెళ్ళగానే మసీదు కమిటీ ఎన్నికలు. మామూ ప్రెసిడెంటుగా నిలబడుతున్నాడు. అందుకని కుర్రాళ్ళ ఓట్ల కోసం సొంత ఖర్చుతో నిలువెత్తు కప్పు ఒకటి చేయించి (నిలువెత్తు అంటే నిలబెట్టిన చెంబెత్తు), ఉయ్యూరు జట్టుని మ్యాచ్‌కి పిలిచాడు. తనే రిఫరీ. ఎవరూ గెలవకపోతే కప్పు ఇచ్చినవాళ్ళ వీధిలోనే ఉంటుందని రూలు కూడా తనే పెట్టాడు.

మా జట్టులో పదిమంది సాయిబులు, పదకొండోవాణ్ణి నేను. గోల్‌కీపర్ని. పరుగెత్తక్కర్లేని ఉద్యోగం అదొక్కటే కాబట్టి ఏరి కోరి ఎంచుకున్నాను. రంజాన్ మొదటి రోజు ఆట అయ్యేసరికి, ఒక్కపొద్దు విడిచే వేళైందని మసీదు సైరన్ కూసింది. కువైట్ మామూ భార్య, మా అందరికీ చాచీ, పెద్ద బేసిన్‌తో పకోడీలూ, ఖర్జూరాలూ, బిందెడు మంచినీళ్ళూ, మాంసం వేసి కాచిన గంజీ పట్టుకొచ్చింది. అందరికంటే ముందు నా చేతిలోనే ఖర్జూరం పెట్టి, "నువ్వు కూడా ఒక్కపొద్దున్నావా నాయనా?" అంది. అప్పటికే ఖర్జూరం నోట్లో ఉంది. నా తల ఊగింది. నములుతున్నప్పుడు ఎవరి తలైనా ఊగుతుంది కదా అని ఆ తర్వాత చాలా రోజులు నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, అది ఊగిన ఊపు అలాంటిది కాదని నాకూ తెలుసు.

మర్నాటికి వీధంతా నా పేరే. హిందూ పిల్లాడు, పైగా గుమాస్తా, పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టకుండా ఒక్కపొద్దులుంటున్నాడు! ముసలమ్మలు గుమ్మాల్లోంచి లేచొచ్చి నా తల మీద చెయ్యి పెట్టి దీవించేవారు. నా గంజి గిన్నెలో మాంసం ముక్కలు మిగతావాళ్ళ గిన్నెల్లోకంటే రెట్టింపు పడేవి. నేనేమో మధ్యాహ్నం తల మీద తువ్వాలు కప్పుకుని, వెనక సందులోంచి దొంగలా మెస్సుకి వెళ్ళి ముద్దపప్పూ గోంగూరా దట్టించి, సాయంత్రం నీరసంగా నడుస్తూ వచ్చేవాణ్ణి. నీరసం నటనేం కాదు లెండి. అంత తింటే ఎవరికైనా నీరసమే. ఇలా ఇరవై ఒక్క రోజులు గడిచాయి. ఇరవై రెండో రోజు మ్యాచ్.

ఉయ్యూరు జట్టు చెరకు తోటలోంచి గడలు నరుక్కుని తెచ్చి నిలబెట్టినట్టుండేది. ఒక్కొక్కడు ఆరడుగులు. కెప్టెన్ పాస్టరుగారి అబ్బాయి, కొట్టినా తిట్టినా "అండీ" వదలడు. వాళ్ళ ఫార్వర్డ్ పేరు గానుగ. మధ్యలో దొరికినవాణ్ణి పిప్పి చేసి అవతల పడేసేవాడు. జనం చూద్దురు కదా, మసీదు గోడ మీద, ఇళ్ళ కప్పుల మీద, ఆపి ఉంచిన రిక్షాల మీద, కానిస్టేబుల్ భుజాల మీద (వాళ్ళబ్బాయి)! సాయంత్రం సైరన్‌కి ముందే ముగిసేలా మొదలుపెట్టాం గానీ, మధ్యలో వాన వచ్చి అరగంట మింగేసింది. వాన వెలిశాక ఆట కాదది, వరినాట్లు. బురదలో బంతి ఎక్కడుందో తెలియక ఒకసారి మావాడొకడు కొబ్బరిబోండాన్ని నలభై గజాలు తీసుకెళ్ళాడు. గానుగ కొట్టిన రెండు షాట్లు నేను ఆపాను. ఒకటి పొట్టతో, రెండోది కూడా పొట్టతోనే. పొట్ట అంత గట్టిగా ఎందుకుందో నాకొక్కడికే తెలుసు. వీధి వీధంతా "అరే వహ్వా! పొద్దుట్నుంచి ఖాళీ కడుపుతో ఆపుతున్నాడు చూడు!" అని ఊగిపోతోంది. స్కోరు సున్నా సున్నా. ఇంకో రెండు నిమిషాలు గడిస్తే కప్పు మాది.

అప్పుడు మోగింది సైరన్.

మా పదిమందీ ఉన్నపాటున బంతి వదిలేసి చాచీ బేసిన్ వైపు పరుగు. తప్పేముంది, తెల్లారగట్లనుంచి చుక్క నీళ్ళు లేవు. కువైట్ మామూ విజిల్ వేసి ఆట ఆపాలి. కానీ విజిల్ మెడలో ఉంది, ఖర్జూరం నోట్లో ఉంది. నోరొకటే కదా. ఇక నేను. ఇరవై ఒక్క రోజులుగా ఆ సైరన్ కూయడం, నా కాళ్ళు పకోడీల వైపు లేవడం, రెండూ ఒక్కసారే జరిగి జరిగి అలవాటైపోయాయి. నేను గోల్‌కీపర్నని నా బుర్రకి గుర్తుందేమో గానీ కాళ్ళకి గుర్తులేదు. పదిమందికంటే ముందు బేసిన్ దగ్గరికి చేరింది నేనే! నోట్లో రెండు పకోడీలు కుక్కుకుని వెనక్కి తిరిగి చూస్తే, గానుగ బంతిని కాలితో మెల్లగా, అమ్మవారికి పసుపుకుంకాలు తీసుకెళ్తున్నంత భక్తిగా నడిపించుకుంటూ వెళ్ళి, ఖాళీ గోల్లో పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు.

ఇక చూస్కోండి గోల! "గోలే!" అని ఉయ్యూరు, "సైరన్ తర్వాత గోలేంటి!" అని భవానీపురం. కానిస్టేబుల్ రెండు పక్కలా "ఔట్" అనేశాడు. మామూ గింజ మింగలేక, కక్కలేక చేతులూపుతున్నాడు. మావాళ్ళు బంతి పక్కనే వరసగా నిలబడి నమాజు చేసుకున్నారు. నమాజు అయ్యేదాకా ఉయ్యూరు వాళ్ళు కూడా పెదవి విప్పలేదు. అయిన మరుక్షణం ఎక్కడ ఆపారో అక్కణ్ణుంచే అందుకున్నారు.

మసీదులోంచి గడియారాల తాత వచ్చాడు. వాచీలు బాగుచేసే ముసలాయన. సైరన్ మోగించేది ఆయనే, వీధిలో తగవులు తీర్చేదీ ఆయనే. టైం విషయంలో అబద్ధమాడనివాడు మరి దేంట్లోనూ ఆడడని మా వీధి నమ్మకం. టీ కొట్టులోంచి స్టూలు తెచ్చి వేశారు. పెట్రోమాక్స్ వెలిగించారు.

"ముందు మీరు చెప్పండి," అన్నాడు తాత, ఉయ్యూరు కెప్టెన్‌తో.

"ఒక్కపొద్దున్నవాళ్ళు మంచినీళ్ళకి వెళ్తే మేం తప్పుపట్టం అండీ. వాళ్ళు నిజంగా ఒక్కపొద్దుండి వెళ్ళారంటే గోలు మాకొద్దు కూడానండీ. కానీ విజిల్ వేయలేదు కదండీ. గోల్‌కీపరు గోలెందుకు వదిలాడండీ? అదొక్కటి చెప్పించండి."

కువైట్ మామూకి అప్పటికి గింజ దిగింది. "చిచ్చా, అక్కడ అరబ్బుల్లో అయితే సైరన్ మోగిందంటే..."

"నువ్వక్కడ మ్యాచ్ చూశావా?"

"చూడ్డమంటే... స్టేడియం పక్కనే మా షాపు చిచ్చా. అరుపులు వినపడేవి."

జనం గొల్లున నవ్వారు. మూడేళ్ళ అధికారం ఒక్క నవ్వులో కొట్టుకుపోయింది. మామూకి రోషం పొడుచుకొచ్చింది. నా భుజం మీద చెయ్యేసి ముందుకు తోశాడు. "అదంతా కాదు చిచ్చా! ఈ పిల్లాడు కూడా ఒక్కపొద్దే! ఇరవై రెండు రోజులుగా ఒక్కటి తప్పలేదు. వీధంతా సాక్ష్యం! గోలు చెల్లదు!"

చెల్లదు, చెల్లదు అని వీధంతా మోగింది. నా నోట్లో పకోడీ రాయైపోయింది.

తాత చెయ్యెత్తాడు. "మీరు రోజూ చూసింది ఇతను సాయంత్రం తినడం. పగలు తినకపోవడం ఎవరు చూశారు?"  ఉయ్యూరు వాళ్ళ వైపు తిరిగాడు. "పగలు తిన్నాడని మీ దగ్గర సాక్ష్యం ఉందా?"

"లేదండీ. ఆ అబ్బాయి ప్రమాణం చేస్తే మేం నోరెత్తకుండా బస్సెక్కుతాం అండీ."

"మా న్యాయం కూడా అదే. అడిగినవాడు సాక్ష్యం తేవాలి. తేలేకపోతే, కాదన్నవాడు ప్రమాణం చెయ్యాలి." తాత నన్ను దగ్గరికి పిలిచాడు. "నువ్వు మా కితాబు మీద చెయ్యక్కర్లేదు బాబూ. అటు తిరుగు. మీ అమ్మవారి కొండ. దాన్ని చూసి చెప్పు. ఇవాళ నువ్వు ఒక్కపొద్దున్నావా?"

తిరిగాను. కొండ మీద దీపాలు వెలుగుతున్నాయి. రోజూ చూసే కొండే, కానీ ఆ సాయంత్రం అది రెండడుగులు ముందుకు జరిగి, చెవి వంచి వింటున్నట్టుంది. ఒక్క ముక్క, "ఉన్నాను" అంటే చాలు. కప్పు దక్కుతుంది, మామూ ఎన్నిక దక్కుతుంది, ముసలమ్మల దీవెనలూ రెట్టింపు ముక్కలూ దక్కుతాయి. లేదంటే ఇవన్నీ పోయి, వీధిలో ముఖమెత్తే చోటు కూడా పోతుంది. నోరు తెరిచాను. ఏం చెప్పాలో నిర్ణయించుకోకముందే అది చెప్పడం మొదలుపెట్టింది.

"పొద్దున ఆరిడ్లీలు, ఒక పెసరట్టు. పదకొండింటికి ఆఫీసులో రెండు అరటిపళ్ళు. మధ్యాహ్నం ముద్దపప్పు, దొండకాయ వేపుడు, గోంగూర, సాంబారు, గడ్డపెరుగు, మళ్ళీ గోంగూర. బయల్దేరేముందు ఒక బన్ను..." ఆపుదామంటే ఆగదే! ఇరవై రెండు రోజుల భోజనాలూ క్యూ కట్టి బయటికొస్తున్నాయి. పన్నెండో రోజు బొబ్బట్ల దగ్గరికి వచ్చేసరికి తాతే చెయ్యడ్డం పెట్టాడు.

 ఉయ్యూరు కెప్టెన్ ఉండబట్టలేక, "ఇంత తిని ఆ రెండు షాట్లు ఎలా ఆపారండీ!" అన్నాడు.

"గోలు చెల్లుతుంది," అన్నాడు తాత. ఉయ్యూరు వాళ్ళు గాల్లోకి లేచిన లేవడం ఇంకా నా కళ్ళ ముందుంది. కప్పు నెత్తిన పెట్టుకుని, బస్సు తప్పిపోతుందని బురదలోనే పరుగు.

తాత స్టూలు దిగుతూ నా చెవిలో, "మొదటి రోజే అనుకున్నాను. ఒక్కపొద్దున్నవాడు ముందు నీళ్ళ వైపు చూస్తాడు. నువ్వు పకోడీ వైపు చూశావు," అన్నాడు.

"మరి ముందే చెప్పలేదేం తాతగారూ?"

"అది నా అనుమానం. అనుమానం సాక్ష్యం కాదు."

కువైట్ మామూ నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. (రెండ్రోజులే. ఆ తర్వాత "సొంత జట్టు ఓడిపోతున్నా, సొంత కప్పు పోతున్నా న్యాయం జరిపించాను" అని ఇంటింటికీ తిరిగి చెప్పుకుని, భారీ మెజారిటీతో ప్రెసిడెంటయ్యాడు. రాజకీయం ఆయన అరబ్బుల దగ్గర నేర్చుకోలేదు, అది మన బెజవాడదే.) జనం పల్చబడ్డారు. గోల్ స్తంభాల మధ్య, నేను ఉండాల్సినప్పుడు ఉండని చోట, ఒక్కణ్ణే తలొంచుకుని కూర్చున్నాను. ఎదురుగా గంజి గిన్నె కనబడింది. చాచీ. గిన్నెలో ముక్కలు ఎప్పటిలాగే రెట్టింపు.

"నాకొద్దు చాచీ. నేను ఒక్కపొద్దు లేను."

"ఉంటేనే పెడతానని నేనెప్పుడన్నాను?" అంది చాచీ. "ఉన్నావా అని అడిగాను, అంతే. ఊరు కాని ఊళ్ళో పిల్లాడివి, ఆకలేస్తుంది. తిను. అబద్ధం లేకుండా తిను, అరుగుతుంది."

మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఒక్కపొద్దున్నాను. పన్నెండింటికి గోంగూర వాసన మెస్సులోంచి నడిచొచ్చి నా టేబుల్ మీద కూర్చుంది. మూడింటికి లారీ రసీదుల మీద అంకెలన్నీ ఇడ్లీలయ్యాయి. సాయంత్రం సైరన్ మోగినప్పుడు మాత్రం నా కళ్ళు వాటంతట అవే నీళ్ళ బిందె వైపు తిరిగాయి. మంచినీళ్ళకి అంత రుచి ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. గ్లాసు దించి చూస్తే, మసీదు మెట్ల మీదనుంచి గడియారాల తాత నన్నే చూస్తున్నాడు.  తన వాచీకి కీ ఇచ్చుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ జాగాలో ఇప్పుడు నాలుగంతస్తుల మేడలు లేచాయి. గోల్ స్తంభాలు ఉన్న చోట ఎవరిదో వంటిల్లు. తాతా లేడు, చాచీ లేదు. నాకేమో డాక్టరు ఖర్జూరం వద్దన్నాడు, పకోడీ పేరెత్తొద్దన్నాడు. అయినా ఇప్పటికీ రంజాన్ నెలలో సాయంత్రం ఎక్కడున్నా సరే, సైరన్ వినబడిందంటే ఈ ముసలికాళ్ళు కుర్చీలోంచి లేవబోతాయి. "ఆగండర్రా, ఇంకా విజిల్ వేయలేదు," అని నేనే వాటిని కూర్చోబెడతాను.