మా శుక్రవారం భజన ఎందుకు ఆగింది

1994 ఆగస్టు పన్నెండు, శుక్రవారం, సాయంత్రం ఆరున్నర. ఆ గంట నుంచి మోస్తున్న బరువును మీ ముందు దించుతున్నాను. రాయచూరులో మీరంతా కలిసి పాటల బృందం పెట్టుకున్నారు. మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళమని దాచకుండా చెప్పుకుంటున్నారు. మీకంటే ముందు ఇక్కడ ఇలాంటిది ఉండేదా, దాని చరిత్ర చెప్పమని నన్ను అడిగారు. ఉండేది. దాన్ని ముగించినవాడిని నేనే.

థర్మల్ విద్యుత్ కేంద్రం కాలనీలో మాది పేరుకు భజన మండలి. బొగ్గు విభాగంలో పనిచేసే ఈరన్న పాట ఎత్తుకునేవాడు. డోలక్ మల్లేశుది. వాళ్ళిద్దరూ ఒకరికొకరని మాకు తెలుసు, కాలనీకి తెలియదు. స్వామిని మగడిగా తలచి, భక్తుడు ఆడదాని మాటల్లో విరహం పాడుకోవడం మన భజనల్లో మర్యాదైన సంగతే కదా. ఆ చాటున మేము ఎవరి మనిషిని చూస్తూ వాళ్ళం పాడుకునేవాళ్ళం. నేను ఈరన్నను చూస్తూ పాడేవాడిని. అతను నావైపు ఒక్కనాడూ చూడలేదు.

ఆ పన్నెండో తేదీ సాయంత్రం కాలనీ సంఘం అధ్యక్షుడు నన్ను పిలిచాడు. పెళ్ళాం పిల్లలు లేని మగవాళ్ళు వారం వారం కాలనీ హాల్లో చేరి ఏం చేస్తారని అడిగాడు. భక్తిని ప్రసాదం రుచిని బట్టి కొలిచే మనిషి. "భజన సార్" అంటే చాలు, పంపేసేవాడు. నేనేమో మా వంశంలో మొదటి పట్టభద్రుణ్ణి. ఒక్క మాటతో సరిపెట్టడం నాకు చిన్నతనమనిపించింది కాబోలు. పాటల అర్థం వివరించాను. వీళ్ళ మనసులో స్వామి లేడన్నాను. ఎవరు ఎవరిని చూస్తూ పాడతారో పేర్లతో సహా చెప్పాను, నా పేరు తప్ప. భయపడ్డానా? ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, నిజమే. కానీ అతను బెదిరించలేదు. భయమని చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది. అది అసూయ. పైగా, చదువుకున్నవాడి వాగుడు.

వారం తిరగకముందే హాలుకు తాళం పడింది. డ్యూటీకి వెళ్తుంటే గేటు దగ్గర తోటి పనివాళ్ళు మావాళ్ళను చూసి ఈలలు వేశారు. ఈరన్న నా క్వార్టర్‌కు వచ్చాడు.

"ఏందయ్యా డిగ్రీ సాబ్, మన మాట బయటికెట్ల పోయింది? సదువుకున్నోనివి, నువ్వు చెప్పు. ఎవడు చెప్పిండంటవ్?"

"నాకేం తెలుసన్నా. మల్లేశుకు రెండు చుక్కలు పడితే నోరు ఆగదు గద."

"వానికి డోలక్ మీద చెయ్యే ఆగదు, ఇగ నోరెట్ల ఆగుతది" అని నవ్వబోయి ఆగిపోయాడు. "నిజంగనే వాడంటవా?"

"నేనెందుకు అబద్ధం చెప్తనన్నా?"

అధ్యక్షుణ్ణి అసహ్యించుకుంటూ చాలా ఏళ్ళు గడిపాను. అది సులువు. తెలివిలేని ఆ మనిషి తనకు తోచింది చేశాడు. ఏ మాట ఎవరిని ఎక్కడ నరుకుతుందో సరిగ్గా తెలిసి పలికినవాడిని నేను. క్షమించమని అడగను, క్షమించవలసినవాళ్ళు మీరు కారు. చెప్పేశాక గుండె కొంచెం తేలికపడింది. ఆ తేలిక కూడా నాకు రోతగానే ఉంది.

ఆ తరువాత ఈరన్న మల్లేశును తన గడప తొక్కనివ్వలేదు. మల్లేశు ఉద్యోగం వదిలి యాపలదిన్ని పల్లెకు వెళ్ళిపోయాడు. ఈరన్న పాడగా మళ్ళీ ఎవరూ వినలేదు. హాలు తెరిచి క్యారమ్ బోర్డులు పెట్టారు. శుక్రవారాలు అక్కడ ఆడుకునేవారు. నేనూ ఆడేవాడిని.