ఆ పల్లి నూనె పోసింది నేనే

ఆ రోజుల్లో, అంటే మా పాత జిల్లాను విడగొట్టి కొత్త జిల్లాలు చేసిన కొత్తలో, మా వైపు మనుషులకు పదవుల కరువు ఒక్కసారిగా తీరిపోయింది. కబడ్డీకి ఒక జిల్లా సంఘం, ఖోఖోకు ఒకటి, చదరంగానికి ఒకటి, ప్రతి సంఘానికీ ఒక అధ్యక్షుడు, బస్టాండు ముందు ఆయన నమస్కారం పెడుతున్న ఫ్లెక్సీ. దేవరుప్పులలో భూములున్న మా మేనమామ ఈ సంగతి కాస్త ఆలస్యంగా గమనించాడు. ఆయన గమనించేసరికి జనగామ జిల్లాలో అధ్యక్షుడు లేని ఆట ఒక్కటే మిగిలింది. అది టెన్‌పిన్ బౌలింగ్. "అదేం ఆట అల్లుడా?" అని అడిగాడు. నున్నటి నేల మీద బరువైన బంతిని దొర్లించి, అవతలి కొసన నిలబెట్టిన పది పిన్నులను పడగొట్టాలని చెప్పాను. "ఎదుటోళ్లను పడగొట్టుడేనా? గదైతే మనకు అలవాటే" అని అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు. నేను అప్పుడు ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరును. మేనల్లుణ్ణి కాబట్టి సంఘానికి కార్యదర్శినీ, జట్టుకు కోచ్‌నూ నేనే అయ్యాను. (ఆ ఆటను నేను సెల్‌ఫోనులో తప్ప ఎక్కడా చూడలేదన్న మాట అప్పుడు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.)

నిజానికి ఆటకే అప్పుడు గండం వచ్చింది. హైదరాబాదు నుంచి రాష్ట్ర సంఘం సారు ఫోను చేసి చెప్పిన మాట ఇది: మాల్‌లలో పుట్టినరోజు పార్టీలవాళ్లు ఆడటమే తప్ప పోటీకి దిగేవాళ్లు లేరు, ఇంకో మూడు జిల్లాలు చేరితేనే రాష్ట్ర పోటీలు, లేకపోతే ఆటల జాబితాలోంచి దీన్ని తీసేస్తారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జట్లు ఒక్కచోట ఆడగా తాను కళ్లారా చూస్తే చాలు, సంతకం పెట్టేస్తానన్నాడు. మూడు జిల్లాల్లో ఎక్కడా బౌలింగ్ లేన్ లేదు, బంతి లేదు, పిన్నులు లేవు. ఉన్నదల్లా ఎండాకాలం, తాటిచెట్లు. లేత తాటికాయ పైభాగం చెక్కి, ముంజలు బొటనవేలితో తోడుకుని తినేస్తే సరిగ్గా మూడు గుంటలు మిగులుతాయి. బౌలింగ్ బంతికీ మూడు రంధ్రాలే! ఈ సంగతి కనిపెట్టిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మూడు జిల్లాల పిల్లలూ కడుపునిండా ముంజలు తిని, ఖాళీ కాయల్లో వేళ్లు దూర్చి, ఇసుక నింపిన నీళ్ల సీసాల మీదికి దొర్లించడం మొదలుపెట్టారు. మా జట్టులో సగంమంది తినడం దగ్గరే ఆగిపోయారు.

ఈ తాటికాయల విద్యలో అందరినీ మించిపోయింది మానుకోట చెల్లె. (మహబూబాబాద్‌ను మేం ఇప్పటికీ మానుకోట అనే అంటాం.) దగ్గరి తండా పిల్ల. ఇంట్లో వాళ్ల భాష, మాతో మన తెలుగు, తాటికాయతో మాత్రం ఇంకేదో మూడో భాష మాట్లాడేది. వంకరగా పోయే కాయ కూడా ఆమె మాట వినేది. ఇంటర్ అయిపోయింది, వ్యాయామ కాలేజీలో చేరాలని ఆమె పట్టుదల. రాష్ట్ర స్థాయిలో ఏదో ఒక ఆట ఆడినట్టు సర్టిఫికెట్ ఉంటేనే సీటు. "అన్నా, ఈ ఏడు సీటు రాకుంటే మా బాపు మిర్ప చేన్లకే తోలుతడు. గా సారు తప్పకుంట వస్తడు గదా?" అని అడిగేది. వస్తాడు చెల్లె, నేను లేనా, అనేవాణ్ణి.

సారు వచ్చాడు. నిజమైన బంతి ఒకటి, పిన్నులు పది వెంట తెచ్చాడు. జనగామలో ఒక ఫంక్షన్ హాల్ గ్రానైటు నేలే మా లేన్. అంతకుముందు రోజు ఆయన ఫోనులో "లేన్‌కు నూనె పూస్తారు, తెలుసు కదా" అన్నాడు. తెలుసు సార్, అన్నాను. (తెలియదు.) ఎంత పూస్తారని అడిగితే కోచ్ పరువు పోతుందని ఊరుకున్నాను. పోటీ అయిన మర్నాడు అదే హాల్లో పెళ్లి ఉంది. వంటమనిషి దగ్గర డబ్బా బతిమాలి తీసుకుని, తెల్లవారుజామున ఒక్కణ్ణే కూర్చుని, ఆ నేలకు పెళ్లికొడుకుకు నలుగు పెట్టినంత శ్రద్ధగా పల్లి నూనె పట్టించాను.

మామ ముందు బంతికి పూజ అన్నాడు. కొత్త ట్రాక్టరుకు చేసినట్టే పసుపు, కుంకుమ, దండ. అగరవత్తులు ఎక్కడ గుచ్చాలని వెతుకుతుంటే బంతికే మూడు రంధ్రాలు కనిపించాయి. సారు ముఖం చిట్లించాడు కానీ దేవుడి పని కాబట్టి ఏమీ అనలేదు. భూపాలపల్లి జట్టు బొగ్గుబాయి హెల్మెట్లతో దిగింది (బంతి బరువు విని భయపడ్డారట). ఇక ప్రారంభం మామ చేతుల మీదుగా.

"ఉంగరాలు తీసెయ్యండి సార్, ఇరుక్కుంటాయి" అన్నాడు రాష్ట్ర సారు.

"గిది పుష్యరాగం, గిది పగడం. ఎలచ్చన్లు అయ్యేదాక తియ్యొద్దన్నడు పంతులు" అని, ఉంగరాలతో సహా వేళ్లను బలవంతంగా లోపలికి నెట్టాడు మామ.

పూజ కోసం చెప్పులు విడిచాడు కాబట్టి వట్టి కాళ్లు. చేయి వెనక్కి ఊపి ముందుకు విసిరాడు. బంతి చేతిని వదల్లేదు, మామ బంతిని వదల్లేదు, నేల ఇద్దరినీ పట్టుకోలేదు. తెల్లటి ఖద్దరు బట్టల్లో మా మామ బోర్లా పడి, చేయి ముందుకు చాచి, హాలంతా సాగిపోయాడు. చూస్తే గోదావరిలో పడవే. పది పిన్నులూ ఎగిరిపడ్డాయి. చప్పట్లే చప్పట్లు. సారు అలవాటు కొద్దీ "స్ట్రైక్" అనేశాడు.

వేళ్లు మాత్రం రాలేదు. సబ్బు పెట్టాం, రాలేదు. ఉంగరం కోద్దామంటే "నా గెలుపునే కోస్తరా?" అని అరిచాడు. ఉన్నది ఒక్కటే బంతి, అది మామ ఒళ్లో కూర్చుంది. మానుకోట చెల్లె గీత దగ్గర నిలబడి, "అన్నా, నా వంతు ఎప్పుడొస్తది? గీ పెదబాపును గట్లనే ఎత్తి పట్టుకుంటే నేనే ఇసురుత" అంది. అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు. సాయంత్రం రైలు వేళయింది. సారు వాచీ చూసుకుని, ఆడింది ఒక్క జనగామ అధ్యక్షుడే కనుక మూడు జిల్లాల పోటీ జరిగినట్టు రాయలేనని చెప్పి, పిన్నులు సర్దుకుని వెళ్లిపోయాడు. ఆమె స్టేషన్ దాకా ఆయన వెనకే నడిచింది. మామ ఆ రాత్రి కండువా కప్పిన బంతితోనే కొడకండ్లలో ఒక పెళ్లికి వెళ్లాడు. అందరూ కానుక అనుకున్నారు. వేళ్లు మర్నాడు నెయ్యితో వచ్చాయి.

ఇక్కడిదాకా నవ్వుకోండి. మామ పడ్డాడంటే పరువు తక్కువ కాబట్టి, "మానుకోటోళ్లు నూనె పోసిండ్రు, గా తండా పిల్ల పనే" అని చెప్పడం మొదలుపెట్టాడు. జనం ఎంత సులువుగా నమ్మారో! నన్ను అడిగితే అవుననలేదు, కాదనలేదు, ఇలా తల ఊపాను. ఆ ఊపులో మూడు జిల్లాల నోళ్లు ఆమె పేరు మోశాయి. అది తప్పు. నూనె పోసింది నేనే, ఒక్కణ్ణే, డబ్బా అడుగు కనిపించేదాకా.

ఆమె ఒక ఏడాది మిర్ప చేన్లలోకే పోయింది. మరుసటి ఏడు ఖోఖో ఆడి సీటు తెచ్చుకుంది. ఇప్పుడు భూపాలపల్లిలో ఒక బడిలో ఆటల టీచరు. బౌలింగ్ మాత్రం ఇంకా ఉందో లేదో తెలియని ఆటగానే ఉంది, రాష్ట్ర సారు ఇప్పటికీ ఎప్పుడైనా ఫోను చేసి "జిల్లాలేమైనా దొరుకుతాయా?" అని అడుగుతాడు. మొన్న ఎండాకాలం ఆమె బడిపిల్లలను హనుమకొండ మాల్‌కు తీసుకొస్తోందని తెలిసి అక్కడికి వెళ్లాను. రంగు లైట్లు తిరుగుతున్నాయి, లేన్ మీద పుట్టినరోజు పిల్లలున్నారు. చేతులు నలుపుకుంటూ మొత్తం చెప్పేశాను.

"నాకు అప్పుడే ఎరుకన్నా. నీ ప్యాంటు మోకాళ్లకాడ బజ్జీల వాసన వచ్చింది."

"మరి అందరికీ చెప్పకపోయినవా చెల్లె?"

"చెప్తే ఎవలు వింటుండె? నువ్వు చెప్తే వింటుండె."

ఆమె చెప్పులు విడిచి, మాల్‌వాళ్లిచ్చిన బూట్లు వేసుకుని, పిల్లల వెనక వరసలో నిలబడింది. అసలు బంతి పట్టుకోవడం ఆమెకు అదే మొదటిసారి. ఇన్నేళ్లుగా నా మనసులో ఆమె ఆ బంతి విసిరినప్పుడల్లా పది పిన్నులూ పడుతూనే ఉన్నాయి, ఒక గొప్ప క్రీడాకారిణిని నేనే మింగేశానని బాధపడుతూనే ఉన్నాను. బంతి రెండు బారలు తిన్నగా పోయి, నెమ్మదిగా లేన్ పక్కనుండే కాలువలో పడి, ఒక్క పిన్నునైనా పలకరించకుండా వెళ్లిపోయింది. బడిపిల్లలు గొల్లుమన్నారు. ఆమె నోరు మూసుకుని నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. "గిదాని కోసమేనా అన్నా, నువ్వు ఇన్నేండ్లు ఏడ్చింది?" అని, మళ్లీ వరస చివరకు వెళ్లి నిలబడింది. తను పాడుచేసింది ఒక మహా చరిత్రే అనుకున్న ఆనాటి కోచ్‌ను తలచుకుని నాకూ నవ్వొచ్చింది. వెళ్లి ఆమె వెనకే నిలబడ్డాను.