బయటి గడియ

ముసలి మెకానిక్ తను పనిచేసిన, మునిగిపోయిన యుద్ధనౌకకు నమూనాగా చెక్కతో బుల్లి ఓడ చేశాడు. చనిపోయిన నావికుల గుర్తుగా దాన్ని ప్రదర్శనకు పెడతారు. ఇంజను గది తలుపుకు బయటవైపు గడియ అతికించబోయాడు.

"ఓడ మునిగినప్పుడు ఈ తలుపు తెరిచే ఉందని నేవీ విచారణ రిపోర్టులో రాశారు కదయ్యా! అది అబద్ధమని చూపించి ఈ వయసులో జైలు కూడు తింటావా?" అంది భార్య.

"నీ వంట తిన్నవాణ్ణి, తట్టుకుంటాలే" అన్నాడు గడియకు జిగురు రాస్తూ. "నీళ్లు పైకి రాకూడదని ఆఫీసరు గడియ వెయ్యమన్నాడు. లోపల పదకొండుమంది తలుపు బాదుతున్నారు. వేసింది నేనే."

ఆఫీసరుకు పతకం వచ్చింది. బయటపడే దారున్నా వాళ్లే తెలివితక్కువగా చచ్చారని రిపోర్టు తేల్చింది.

 ఆమె దగ్గరికొచ్చి ఓడను కదలకుండా పట్టుకుంది. "కానివ్వు, గడియ వంకర పోకూడదు."

ఓడను తీసుకెళ్లే కారు వాకిట్లో ఆగేసరికి ఆయన గడియను ఇంకా వేలితో అదిమే ఉన్నాడు.