బెంచీలకు పేర్లు అంటించిన ఆదివారం

వందేళ్ళుగా నిక్షేపంలా నడుస్తున్న చర్చిని ఒక్క పూటలో బాగుచేద్దామని బయలుదేరి, మధ్యాహ్నం భోజనాల వేళకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియని స్థితికి వచ్చిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను, కడుపారా నవ్వుకోండి.

నరసాపురం దగ్గర మా చర్చిలో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు కూర్చుంటారు. తాతల నాటి నుంచీ అంతే. నన్ను అప్పుడే సంఘ కార్యదర్శిని చేశారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త కార్యదర్శి పొద్దే కాదు, ఎదుటివాళ్ళ మొహాలు కూడా ఎరగడు. పైగా హైదరాబాదులో రెండు రోజులు నాయకత్వ శిక్షణ పొంది వచ్చాను. ఇక ఆగుతానా? వచ్చే ఆదివారం నుంచి కుటుంబాలన్నీ ఒకే బెంచీ మీద కలిసి కూర్చోవాలని ప్రకటించేశాను.

"పెద్దవాళ్ళని ఒక్కమాట అడిగితే బాగుంటుందేమో బాబూ" అన్నారు పాస్టరు గారు మెల్లగా.

"అడిగితే ఒప్పుకోరు కదండీ" అన్నాను. నా తెలివి ఆ స్థాయిలో ఉండేది.

ఆదివారం తెల్లవారకముందే వెళ్ళి బెంచీలకు కుటుంబాల పేర్లు అంటించాను. ఫలితం వెంటనే కనిపించింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో మొదటిసారి చర్చిలో భర్త పక్కన కూర్చున్న సువార్తమ్మ గారికి, ప్రసంగం మొదలవగానే ఆయన గురకపెడతారని తెలిసిపోయింది. మధ్యలో టీకి జారుకునే మగవాళ్ళు ఆ రోజు భార్యల పక్కన రాళ్ళలా బిగుసుకుపోయారు. ఆడవాళ్ళకైనా సుఖం ఉందా అంటే అదీ లేదు. లేసు పని ఎవరికి దొరికింది, ఎవరి పిల్లకి సంబంధం కుదిరింది అన్న వారం కబుర్లన్నీ ఎడమవైపు బెంచీల మీదే తేలాలి మరి.

నా పక్కన మా ఆవిడ సుజాత కళ్ళు తుడుచుకుంటోంది. ప్రసంగం మనసును తాకిందనుకుని మురిసిపోయాను.

"అమ్మ ఒక్కర్తీ కూర్చుందండి" అంది.

తిరిగి చూశాను. మామగారు పోయి రెండేళ్ళయింది. అత్తగారి పేరు అంటించిన పొడవాటి బెంచీ మీద ఆవిడ ఒక్కరే ఉన్నారు. తల్లీకూతుళ్ళు వారం మొత్తం మీద భుజం భుజం ఆనించుకుని కూర్చునేది ఆ రెండు గంటలేనని నాకు అప్పుడు వెలిగింది. నిజంగా సిగ్గేసింది. కానీ కార్యదర్శిని కదా, ఆ సిగ్గును ఆరాధన అయ్యేదాకా వాయిదా వేసుకున్నాను.

ఆరాధన ముగిసి, నేను కానుకల లెక్క చూసుకుని బయటికి వచ్చేలోపే అంతా అయిపోయింది. చర్చి గోడలకు ఏ రంగు వెయ్యాలన్నదాని మీద కూడా ఏళ్ళ తరబడి ఏకాభిప్రాయానికి రాని పెద్దల కమిటీ, స్త్రీల సమాజం ఆవరణలో ఒకచోట చేరి నా మీద అర్జీ రాసేశాయి. పాస్టరు గారు ఆ కాగితాన్ని నా చేతికిస్తూ, "మన సంఘంలో ఇంత ఐకమత్యం నేనెప్పుడూ చూడలేదు బాబూ" అన్నారు. సంతోషంగానే అన్నారు.

సంతకాలు చూశాను. అన్నిటికన్నా పైన, గుండ్రటి అక్షరాలతో, మా ఆవిడ సంతకం.

ఆ పూటే సుజాత ఎదుట చేతులు కట్టుకుని ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో లోకాన్నైనా మారుస్తాను గానీ, అత్తగారిని అడగకుండా చర్చిలో చాప కూడా మార్చను.